రేవులో రాయి

"వాడు నిజం చెప్పేస్తాడేమోనండీ," అన్నాను, చర్చి వరండా మెట్టు దిగబోతున్న మా ఆయన చొక్కా అంచు పట్టుకుని. "పిల్లోడింకా దోనె కూడా ఎక్కలేదు, అప్పుడే మొదలెట్టేసేవా సారమ్మా," అని ఆయన చొక్కా విడిపించుకుని మగవాళ్ళు కూర్చున్న వైపు వెళ్ళిపోయారు. ఆయనకి భయం వేస్తే కుడి చెప్పు నేలకి ఈడుస్తారు. ఇప్పుడు ఈడుస్తున్నారు, ఆ చప్పుడుకి అర్థం నాకొక్కదానికే తెలుసు. లోకంలో తల్లులు కొడుకు అబద్ధాలు నేర్చుకుంటాడేమోనని భయపడతారు. ఆరాధన ముగిసినా ఒక్కరూ ఇంటికి పోని ఈ చర్చి ముంగిట్లో నేను మాత్రం నా కొడుకు నిజం చెబుతాడేమోనని చాప అంచు పీకుతూ కూర్చున్నాను. వాడు తాడేపల్లిగూడెంలో పొద్దున్నే బస్సెక్కి ఉంటాడు, గుండుగొలనులో దిగి ఉంటాడు, హైవే దాటేటప్పుడు అటూ ఇటూ చూడడు, ఏదో ఆలోచిస్తూ దాటేస్తాడు, లారీవాడికి తత్వశాస్త్రం తెలియదు కదా. చూసుకోలేదేమో. పడిపోయాడేమో. జేబులో కాగితం చూసి ఎవరైనా ఫోను చేద్దామన్నా ఈ లంకలో టవరు అందదు. ఇంతలో ఇంకో ఆలోచన వచ్చింది, వచ్చినందుకు సిగ్గుపడలేదు, తేలికపడ్డాను: కాలు విరిగి ఆసుపత్రిలో పడితే ఈవేళ రాలేడు. ఒక్క కాలు. ప్రాణం మీదికి రాకుండా. కన్నతల్లినే, అలాగే అనుకున్నాను.

పక్కన మా వదిన హన్నమ్మ తాటాకు విసనకర్రతో విసురుతోంది, తనకి ఒకసారి, నాకు రెండుసార్లు. మా ఆయనకి అక్క. మోకాళ్ళు వంగవు, అందుకని ఒక కాలు చాప బయటికి చాచుకుని కూర్చుంది. జూన్‌లో మొగుణ్ణి పోగొట్టుకుంది, ఇది సెప్టెంబరు. ఆ చావు ఎవరి నోటివల్ల వచ్చిందో తేల్చడానికే ఈ సభ. "మీ వాడొస్తాడులే, దిగులు పడకు. ఏమైనా తిన్నావా?" అంటుంది నన్ను. లేదన్నాను. తిన్నాను. రాత్రి మిగిలిన చేపల పులుసుతో పళ్ళెం నిండా తిన్నాను, భయం ఎక్కువైతే నాకు ఆకలీ ఎక్కువవుతుంది. ఇలాంటి చిన్న అబద్ధాలు నాకు ఊపిరితో పాటు వస్తాయి. ఏడో తరగతి వరకు చదివాను, ముదినేపల్లి బళ్ళో, ఆ ఏడేళ్ళలో అబద్ధం ఆడకూడదని ఏడువందల సార్లు పలక మీద రాయించారు. రాశాను, చెరిపాను. నా కొడుకు క్రాంతి కుమార్ ఒక్కసారి రాసి చెరపలేదు. ఆరేళ్ళప్పుడు బెల్లం తిన్నది నువ్వేనా అంటే నేనే అన్నాడు, ఎంత తిన్నావు అంటే ఎంత తిన్నాడో వేలితో చూపించాడు. అప్పుడు ముద్దు పెట్టుకున్నాను. అప్పుడే వీపు మీద ఒక్కటి వేసి ఉండాల్సింది.

వాడు కాలేజీలో తత్వశాస్త్రం చెబుతాడు. ఉద్యోగం వచ్చిన కొత్తలో లంకలో నవ్వులే నవ్వులు. తత్వాలు పాడుకోడానికి కూడా గవర్నమెంటు జీతం ఇస్తదా అని ఊరిపెద్ద తోమా గారు అడిగితే, పాడడం కాదండీ, పాఠం చెబుతాడు అన్నాను, ఏమి పాఠమో నాకూ తెలియదు. తర్వాత పేపర్లో రాయడం మొదలుపెట్టాడు, ఆదివారం ఆలోచన అని, మూలన వాడి బొమ్మ చిన్న స్టాంపులా వేస్తారు. మా ఆయన ఏలూరు మార్కెట్‌కి చేపలు తీసుకెళ్ళిన రోజు పేపరు కొని తెస్తారు, నేను వంటింటి గడప మీద కూర్చుని కూడబలుక్కుని చదువుతాను. ఒక వారం ఓటు గురించి. సారా ప్యాకెట్టు తీసుకుని ఓటు వేసినవాడు అమ్ముడుపోయాడని అందరూ అంటారు, ఐదేళ్ళకి ఒక్కసారి తప్ప ఎవరూ కొనడానికి కూడా రాని మనిషి గురించి ఎవరూ అనరు, అని రాశాడు. అది నాకు నచ్చింది. ఇంకో వారం ఎక్కడో నూనె బావుల దేశంలో యుద్ధం గురించి, దూరం నుంచి బాంబు వేసేవాడికి చచ్చేవాడి మొహం కనబడదు, కనబడకుండా చేసుకోవడానికే దూరం కనిపెట్టారు, అని. అప్పుల రైతులు పురుగుమందు తాగడం గురించి, చావును లెక్కపెట్టే అలవాటు పడిన ప్రభుత్వానికి ఏడ్చే అలవాటు పోతుంది, అని. కొన్ని అర్థమయ్యేవి, కొన్ని కావు, కానివే ఎక్కువ గర్వంగా ఉండేవి. గర్వంతో పాటు భయం. పెద్దవాళ్ళ గురించి రాస్తున్నాడు, ఎవడో మనుషుల్ని పంపిస్తాడు, చీకటి సందులో కొడతారు, చేతులు విరగ్గొడతారు అనుకునేదాన్ని. మంత్రుల గురించి రాశాడు, చేపల బాబుల గురించి రాశాడు, ఒక్కడూ వాడి మీద చెయ్యి వెయ్యలేదు. వాళ్ళకి వాడు దోమ కూడా కాదని తెలియక ఎన్ని రాత్రులు జాగారం చేశానో. చివరికి వాడి రాతకి దెబ్బ తగిలింది వేల ఎకరాల వాళ్ళకి కాదు. మాకు. అరవై ఇళ్ళ పేటకి ఉన్న ఒకే ఒక్క చెరువుకి.

కాంటూరు అనే మాట మా లంకల్లో చదువురాని ముసలమ్మకి కూడా తెలుసు. కొల్లేరు ఇక్కడి వరకు, ఇది దాటితే రైతుల భూమి, అని సర్కారు గీసిన గీత. గీత మీద అక్కడక్కడా రాళ్ళు, రాళ్ళ మీద బాణం గుర్తు, అంకెలు. గీత లోపల ఎవరూ చెరువు తవ్వకూడదు. మా చేపల సొసైటీ చెరువు సగం గీత లోపలే ఉంది, ఆ సంగతి రాయికి తెలుసు, అందుకని పదేళ్ళ కిందట రాయిని పీకేశారు. ఎనిమిది మంది మగవాళ్ళు, ఒక మధ్యాహ్నం, అందరూ భోజనాలకి వెళ్ళిన వేళ, తాళ్ళు కట్టి ఈడ్చారు. పారేస్తే ఎప్పటికైనా ఎవరికైనా దొరుకుతుందని తోమా గారు తెలివైన ఆలోచన చేశారు, తీసుకొచ్చి ఆడవాళ్ళ రేవులో బోర్లా పడేశారు, బట్టలు ఉతుక్కోడానికి. అందరి కళ్ళ ముందూ ఉన్నదాన్ని ఎవరు వెతుకుతారు. ఆ ఎనిమిది మంది చేతా తోమా గారు చర్చిలో పెద్ద పుస్తకం మీద ఒట్టు పెట్టించారు, పెళ్ళాలకి కూడా చెప్పకూడదని. మా ఆయన ఒకరు. హన్నమ్మ వదిన మొగుడు సాల్మన్ అన్నయ్యగారు ఒకరు. ఒట్టు పెట్టుకున్న మూడోరోజునే మా ఆయన నాకు చెప్పేశారు, నడుము పట్టేసింది, నేను ఆవనూనె కాచి రాస్తున్నాను, ఏం బరువెత్తారండీ ఇంత పట్టింది అని గట్టిగా నొక్కాను. నొక్కకుండా ఉంటే చెప్పేవారు కాదేమో. నూనె కొంచెం చల్లారాక రాసి ఉంటే. ఇలా వెనక్కి పోతే ఎక్కడా ఆగదు.

పదేళ్ళు ఆ రాయి మీద ఉతికాను. లంకలో ఆడవాళ్ళమందరం ఉతికాం, దుప్పట్లు, పురిటి గుడ్డలు, పాస్టరమ్మగారి తెల్లచీరలు. నాకు తప్ప ఎవరికీ ఆ రాయి ఏమిటో తెలియదు, బట్ట బాదినప్పుడల్లా నాకు నాలో నవ్వు వచ్చేది. ఆ నవ్వే నన్ను తినేసింది. ఈ ఏడాది ఈస్టరుకి క్రాంతి వచ్చాడు. వాడి ప్యాంట్లు నేను ఉతుకుతుంటే, వాడు చిన్నప్పటిలా మోకాళ్ళ దాకా మడుచుకుని నీళ్ళలో నిలబడ్డాడు, నీళ్ళు తగ్గి ఉన్నాయి, రాయి ఒక పక్కకి ఒరిగి ఉంది, వంగి కింద వేలు పెట్టి తడిమాడు. "అమ్మా, దీనిమీద బాణం గుర్తు ఉంది, ఇదెక్కడిది?" అన్నాడు. వాడు నన్ను ఏదైనా అడిగి ఎన్నేళ్ళయిందో. అన్నం పెట్టనా అంటే ఊఁ, డబ్బులున్నాయా అంటే ఊఁ, పెళ్ళి మాటంటే మౌనం. నాకు తెలిసి వాడికి తెలియనిది ఈ లోకంలో ఒకటి ఉందని ఆ క్షణం వరకు నేను అనుకోలేదు. చెప్పాను. బట్ట వదిలేసి, చేతులు తుడుచుకుని, బడిపిల్ల పద్యం చెప్పినట్టు మొత్తం చెప్పాను, తాళ్ళు, ఎనిమిది మంది, ఒట్టు, నడుము నొప్పి, ఆవనూనె. వాడు నవ్వాడు. నేనూ నవ్వాను. అంత బాగా మాట్లాడుకున్న రోజు మా ఇద్దరికీ ఇంకోటి లేదు. మూడు వారాల తర్వాత పేపరు వచ్చింది. మొదటి పేరా కొంగల గురించి, రెండో పేరా కోర్టు గురించి, గర్వంగా చదువుకుంటూ పోతున్నాను, మూడో పేరాలో నా రాయి కనబడింది. హద్దురాయిని పీకి బట్టలు ఉతుక్కుంటున్న ఊరు నాకు తెలుసు, అది నా ఊరే, అని ఉంది. మన నలభై ఎకరాల తప్పు గురించి నోరెత్తనివాడికి వాళ్ళ నాలుగువేల ఎకరాల తప్పు గురించి మాట్లాడే హక్కు లేదు, అని ఉంది. మళ్ళీ చదివాను. పొయ్యి మీద అన్నం మాడిపోయింది. ఆ పేపరు పొయ్యిలో పెట్టాను, ఏలూరులో వేల పేపర్లు అమ్ముడవుతాయని తెలిసి కూడా, మా ఇంట్లో పేపరు కాలిపోతే చాలన్నట్టు నిలబడి కాలేదాకా చూశాను.

సర్కారు నుంచి కొలిచేవాళ్ళు వచ్చారు. నేరుగా రేవుకే వచ్చారు. రాయి మీద ఎవరిదో పసుపురంగు చీర ఆరేసి ఉంటే కర్రతో పక్కకి తీసి, తిరగేసి, అంకెలు రాసుకుని వెళ్ళారు. అప్పటిదాకా మా చెరువు గీత బయట ఉందని కాగితాల్లో ఉంది, ఆ అంకెలతో రాయి అసలు చోటు తేలి, గీత లోపలికి వచ్చేసింది. జూన్‌లో, గీత లోపలున్న చెరువులన్నీ తెంచుకుంటూ సర్కారు మిషన్లు మా గట్టు మీదికి వచ్చాయి. గట్టు తెగగానే నీళ్ళు ఒక్కసారి కొల్లేట్లోకి దూకాయి, నీళ్ళతో పాటు చేపలు, మూడు నెలలు తవుడు పోసి పెంచిన బొచ్చెలు, శీలావతులు, తెల్లగా, గిన్నెలు ఒలికినట్టు. ఏడుస్తున్నవాళ్ళే ఏడుపు ఆపి వలలు తెచ్చారు. చీరలు తెచ్చారు, బుట్టలు తెచ్చారు. నేనూ బిందె పట్టుకుని పరిగెత్తాను. సాల్మన్ అన్నయ్యగారు గండి మూతిలోకి దిగారు, అక్కడ పెద్ద చేపలు. వద్దండీ అని ఎవరో అన్నారు. గట్టు మట్టి జారింది. మనిషి కనబడలేదు. దూరంగా గుర్రపుడెక్కలో తేలేసరికి అరగంట, ఆ అరగంటా వెతికినవాళ్ళు వెతికారు, పట్టుకునేవాళ్ళు పట్టుకున్నారు, నా బిందెలో ఏడు చేపలు ఉన్నాయి. ఒడ్డున పడుకోబెట్టి చొక్కా గుండీలు విప్పితే లోపల ఒక చేప ఇంకా కొట్టుకుంటోంది. ఆయన చచ్చిపోయి, అది బతికి. హన్నమ్మ వదిన దాన్ని తీసి నీళ్ళలోకి విసిరేసి అప్పుడు గుండెలు బాదుకుంది. నేను వదిన భుజం పట్టుకుని ఏడ్చాను, నిజం ఏడుపే. ఆ ఏడుపు మధ్యలోనే, నా తల లోపల ఎవరో నెమ్మదిగా అన్నారు: ఎనిమిది మందిలో ఒకరు తగ్గారు. ఎవరన్నారో నాకు తెలుసు.

ఆ రోజు నుంచి మా వదినకి ఒకటే మాట. మా ఇంటికి వస్తుంది, నా పీట మీద కూర్చుంటుంది, నేను ఇచ్చిన టీ తాగుతుంది, "ఆ చెప్పినోడి నాలిక పుచ్చిపోవాల సారమ్మా. ఆడి ఇంట్లో నాలాంటి ఏడుపే లేవాల," అంటుంది. "ఊరుకో వదినా, దేవుడు చూసుకుంటాడు," అంటాను నేను. ఇంకొంచెం పంచదార వెయ్యనా అంటాను. నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు వానలో దోనె దొరక్క, మంత్రసాని లేక, క్రాంతిని తన చేతుల్లోకి దించుకుంది ఈ మనిషే. బొడ్డు కోసింది. ముదినేపల్లి వరిచేల పిల్లని, నీళ్ళంటే భయం, తెడ్డు పట్టడం నేర్పింది. ఇప్పుడూ విసురుతూనే ఉంది, నాకు రెండు, తనకి ఒకటి. చెయ్యి నొప్పి పుట్టదా ఈవిడకి. ఆపితే బాగుండు.

మొన్న దోనెలో ఒడ్డుకి పోయి, కిరాణా కొట్టు దగ్గర రూపాయి బిళ్ళల ఫోనులో వాడితో మాట్లాడాను. రావద్దురా అన్నాను. రాకపోతే నాన్ననే అనుమానిస్తారు, వస్తాను అన్నాడు. అయితే వచ్చి సాల్మన్ మావయ్య చెప్పాడని అనెయ్యి, అన్నాను. రూపాయి అయిపోతున్నట్టు కూత వస్తే ఇంకోటి వేశాను. "అమ్మా," అన్నాడు, పాఠం చెప్పే గొంతుతో, "బతికున్నవాడి మీద అబద్ధం చెబితే వాడు ఎదురు తిరుగుతాడు. చచ్చిపోయినవాడు తిరగలేడు. అందుకే అది అన్నిటికన్నా నీచమైన అబద్ధం." నేనన్నాను, "బతికున్నోళ్ళకి కడుపుంటుంది నాన్నా, దాహమేస్తుంది, చచ్చిపోయినాయనకి ఏం కావాలి." ఇంకో బిళ్ళ లేదు. ఆ మాట వాడికి వినబడిందో లేదో.

దోనె రేవుకి తగిలిన చప్పుడు. వచ్చాడు. కాళ్ళు రెండూ బాగానే ఉన్నాయి. భుజానికి సంచి, చేతిలో గొడుగు, కళ్ళద్దాలు చొక్కాతో తుడుచుకుంటూ అందరికీ వందనాలు చెప్పుకుంటూ వస్తున్నాడు, ఎవరూ తిరిగి చెప్పడం లేదు, చెప్పడం లేదని వాడు గమనించడం కూడా లేదు. చిక్కిపోయాడు. హాస్టల్లో ఉన్నప్పుడు ఏలూరు నుంచి ప్రతి నెలా ఇలాగే చిక్కి వచ్చేవాడు. వెళ్ళి భుజం తాకుదామని లేవబోతే వదిన నా మోకాలి మీద చెయ్యి వేసింది, "మగోళ్ళు మాట్లాడుకోనీ," అని. తోమా గారు నీలం ప్లాస్టిక్ కుర్చీలో వెనక్కి వాలారు. సంఘపెద్ద ఆయనే, సొసైటీ ప్రెసిడెంటూ ఆయనే.

"ఏమయ్యా లెక్చరర్ గారూ, పేపర్లో బొమ్మకన్నా బక్కగా ఉన్నావే. నీతి తిని కడుపు నిండట్లేదా?"

నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు, అందరికన్నా ఒక్క క్షణం వెనకగా.

"మేం చదువుకోనోళ్ళం బాబూ. ఒకటే ప్రశ్న అడుగుతాం, పాసో ఫెయిలో నువ్వే చెప్పు. ఒట్టు పెట్టుకున్న ఎనిమిది మందిలో నీకు చెప్పిందెవరు?"

"రాయి పీకడం తప్పు కాదా పెదనాన్నా?" అన్నాడు మా వాడు. ఇలాగే అంటాడని తెలుసు. ప్రశ్నకి ప్రశ్న, కాలేజీలో పిల్లలు చప్పట్లు కొడతారేమో.

"తప్పే. ఎవరు కాదన్నారు? ఆ తప్పులో పెరిగిన చేపలే నీ ఎమ్మే ఫీజు కట్టినియ్యి. తిన్నావు, చదివేవు. ఇప్పుడు అరక్క మా మీద కక్కేవు." ఈసారి ఎవరూ నవ్వలేదు. "పేరు చెబితే ఒక్క ఇల్లు వెలి. చెప్పకపోతే ఎనిమిదిళ్ళూ వెలి. ఆ ఇంటికి దోనె పోదు, ఒడ్డు నుంచి మంచినీళ్ళ టిన్ను రాదు, సొసైటీలో పేరుండదు, పలకరించినోడు తప్పు కట్టాల. కట్టుబాటు ఇంటికి గానీ మనిషికి కాదు. మనిషి పోయినా ఇల్లు అనుభవించాల."

"ఒక్క ఇంటికైతే న్యాయం, ఎనిమిదిళ్ళకైతే అన్యాయమూనా?"

"మాకు న్యాయం వద్దు నాయనా. పేరు కావాల."

వాడు కళ్ళద్దాలు తీసి మళ్ళీ తుడుచుకున్నాడు. అద్దాలు లేకపోతే వాడి మొహం ఆరేళ్ళ మొహమే, వేలితో బెల్లం కొలత చూపించిన మొహమే, నోరు ఇప్పుడు తెరుస్తాడు, మా అమ్మ అంటాడు, అండీ కూడా చేర్చి మర్యాదగా అంటాడు, ఆ ఒక్క మాటతో మా ఆయన ఒట్టు తప్పినవాడవుతారు, నేను వదిన మొగుణ్ణి చంపినదాన్నవుతాను, పక్కన విసురుతున్న చెయ్యి ఆగుతుంది. కొల్లేరు మధ్యలో ఇల్లు, చుట్టూ నీళ్ళే, తాగడానికి చుక్క ఉండదు, ఈ వయసులో మేం ఎక్కడికి పోతాం, గూడెంలో వాడి ఒంటిగదికి పోయి వాడి మంచం పక్కన పడుకుని వాడి నీతులు వినాలా. ఆయన బతకరు, ఆయన చెరువు గట్టు తప్ప ఎక్కడా నిద్రపోలేరు. మావయ్య అను. రెండు మాటలు. సాల్మన్ మావయ్య. పెదవులు కదుపుతున్నాను, వాడికి కనబడాలని. ప్రభువా వాడికి నిజం మరిపించు, ఒక్క నిమిషం వాడిని నాలాంటివాణ్ణి చెయ్యి.

"నేను అబద్ధం చెప్పను పెదనాన్నా," అన్నాడు. "పేరూ చెప్పను. రాసింది నేను, శిక్ష నాకు వెయ్యండి."

"నీకేం వేస్తామయ్యా? నువ్వు తాగేది గూడెం నీళ్ళు." తోమా గారు ముందుకి వంగారు, గొంతు తగ్గించారు, చేపకి బేరమాడేటప్పుడు అలాగే తగ్గిస్తారు. "పోనీ పేరొద్దు. బతికున్నోళ్ళలో ఒకడా, పోయినోడా? ఆ పాటి చెప్పు. బతికున్నోడే అన్నావనుకో, మిగిలిన ఏడుగురినీ మేం చూసుకుంటాం. అదైనా చెప్పు."

చెప్పొచ్చు. బతికున్నవాళ్ళే అనొచ్చు, అది నిజం, అది చాలు మావయ్య పేరు తుడవడానికి. వాడు తల తిప్పి తండ్రిని చూశాడు. ఏడుగురిలో చివర, కుర్చీ లేక నేల మీద గొంతుకూర్చున్న తండ్రిని, మోచేతులు మోకాళ్ళ మీద, చేతులు వేలాడుతూ. తర్వాత నేల చూశాడు. నోరు తెరవలేదు. అంతా చూస్తున్నారు, వాడు నేల చూస్తున్నాడు, గొడుగు కొసతో మట్టిలో చిన్న గుంట చేస్తున్నాడు, ఇంకా నోరు తెరవలేదు, అప్పుడు ఒక్కొక్క తలా మెల్లగా ఇటు తిరగడం మొదలైంది, ఆడవాళ్ళ చాపల వైపు, మా వదిన వైపు. వాడు అబద్ధం ఆడలేదు. ఇక ముందు కూడా ఆడనక్కర్లేదు. మాట ఉండాల్సిన చోట ఖాళీ వదిలేశాడు, ఊరు వచ్చి ఆ ఖాళీలో తనకి కావలసిన మనిషిని పడుకోబెట్టుకుంటోంది, వాడి చేతికి మట్టి అంటలేదు. ఓటు గురించి, యుద్ధం గురించి, దూరం నుంచి బాంబు వేసేవాడి గురించి రాసిన నా కొడుకు. వచ్చే ఆదివారం దీని గురించి కూడా రాస్తాడు, బాగా రాస్తాడు.

విసనకర్ర ఆగింది.

"క్రాంతీ," అంది వదిన, కూర్చున్నచోటి నుంచే. "మీ మావయ్యేనా నాన్నా? చెప్పు, పర్లేదు. మందు పుచ్చుకున్నప్పుడు నోరు జారేవోడు, నాకు తెలుసు." వాడు తలెత్తలేదు. వదిన మా ఆయన వైపు చూసింది, తోడబుట్టినవాడి వైపు, ఆయన తన అరచేతులు తిప్పి చూసుకుంటున్నారు, ఒకటి తర్వాత ఒకటి, ఏదో పోగొట్టుకున్నట్టు. అప్పుడు నా వైపు తిరిగింది. నా చెయ్యి తీసుకుంది. తన చెయ్యి తడిగా, వేడిగా ఉంది.

"నువ్వు చెప్పు సారమ్మా. నీ కొడుకు నీకు చెప్పకుండా ఉండడు. మీ అన్నయ్యగారేనా? నీ మాట నేను నమ్ముతాను. ఆయన కాకపోతే ఆయన ఆత్మ నెమ్మదిగా ఉంటది. అయితే అయినట్టు చెప్పు, నేనూ ఇందూ పడతాం."

ఇందు. ఏలూరు హాస్టల్లో ఉంది వీళ్ళ పిల్ల, ఇంటర్ రెండో ఏడు, పదిహేను రోజులకోసారి వస్తుంది. దోనె ఎక్కించుకోరు. ఒడ్డున నిలబడి పిలుస్తుంది, పిలిచినా ఎవరూ తెడ్డు వెయ్యరు. వదిన ఈ మోకాళ్ళతో నీళ్ళ టిన్ను ఎలా తెచ్చుకుంటుంది. కొల్లేటి నీళ్ళు కాచుకు తాగుతుంది. విరేచనాలు పట్టుకుంటాయి. నేను వెళ్ళి ఇవ్వకూడదు, ఇస్తే తప్పు. రాత్రిపూట దొంగతనంగా ఒక బిందె గుమ్మంలో పెట్టి వస్తానేమో. పెట్టను. నాకు నేను తెలుసు, ఎవరైనా చూస్తారేమోనని మొదటిరోజే మానేస్తాను. మాది ఒక్క ఇల్లు, వాళ్ళది ఒక్క ఇల్లు. మా ఇంట్లో ఇద్దరం, గూడెంలో ఒకడు, వాళ్ళింట్లో ఇద్దరు. ఇలా తూకం వేయొచ్చా అని వాణ్ణి అడగాలి, వాడు చదివింది ఇదే కదా, మనుషుల్ని తూకం వెయ్యడం తప్పు అంటాడు, తప్పే, మరి తప్పు కానిది ఏదిరా ఇక్కడ, ఇప్పుడు, ఈ చాప మీద, నా చెయ్యి ఈవిడ చేతిలో ఉండగా. ఎవరో దగ్గారు. చర్చి మీద గూడబాతు ఒకటి రెక్కలు బరువుగా కొట్టుకుంటూ పోయింది, దాని నీడ మగవాళ్ళ మీదుగా, మా ఆయన మీదుగా, మా మీదుగా జారింది. తోమా గారు గడియారం చూసుకున్నారు. క్రాంతి ఇప్పుడు తలెత్తాడు. నన్నే చూస్తున్నాడు. ఆపుతాడనుకున్నాను. ఒక్క మాటతో ఆపగలడు, వద్దమ్మా అంటే చాలు. కళ్ళద్దాలు ముక్కు మీదికి తోసుకున్నాడు. అంతే. నా కొడుకు ఎదురు చూస్తున్నాడు, నేనేమంటానోనని, ఊరందరిలాగే. వదిన నా వేళ్ళు ఒక్కొక్కటీ నిమురుతోంది, పురిటినొప్పుల్లో నిమిరినట్టు, తొందరేం లేదు అన్నట్టు. చాలాసేపు అలాగే నిమిరింది.

"అవును వదినా," అన్నాను. "అన్నయ్యగారే చెప్పారు."